స్నేహితుడి ఇంట్లో బ్రెయిన్ క్యాన్సర్: పది రోజుల హడావిడిగా కాకుండా ఏడాది పాటు తోడుండడం ఎలా

మాది పర్లాకిమిడి, ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న ఊరు. ఇక్కడ ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే సాయానికి లోటుండదు, మొదట్లో అయితే ఎక్కువైపోతుంది కూడా. మావాడికి, అంటే నా స్నేహితుడికి, మెదడులో గడ్డ ఉందని తెలిసిన వారంలో వచ్చినవాళ్ళు తెచ్చిన బత్తాయిలు, హార్లిక్స్ సీసాలు ఇంట్లో పట్టక వరండాలో పెట్టారు. అదే మూడో నెలకి వచ్చేసరికి, విశాఖలో గది అద్దె కట్టాల్సిన రోజున, వదిన, అంటే వాడి భార్య, నాకు ఫోన్ చేద్దామా వద్దా అని రెండ్రోజులు ఆలోచించిందట. ఎంత మొహమాటపడి ఉంటుందో అని ఇప్పటికీ అనిపిస్తుంది. మనవాళ్ళ ఆరంభ శూరత్వం సంగతి మనకి తెలిసిందే కదా, ఈ జబ్బుకి మాత్రం అది అస్సలు పనికిరాదు. ఎందుకంటే ఇది నెలల తరబడి సాగుతుంది, మనిషి కళ్ళముందే కొంచెం కొంచెంగా మారిపోతాడు, ఇంట్లోవాళ్ళకి అసలు కష్టం మొదలయ్యే సమయానికి చూడవచ్చేవాళ్ళు ఆగిపోతారు.

నేను డాక్టర్ని కాదు, బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు నడుపుకునేవాణ్ణి. పధ్నాలుగు నెలలు ఈ పని చేసి, కొన్ని బాగా చేసి కొన్ని చెడగొట్టి, నేర్చుకున్నది రాస్తున్నాను.

ముందు ఒక్క మనిషిని తేల్చుకోండి

ఫోన్లు ఎత్తేది, కబురు చెప్పేది, ఎవరు ఎప్పుడు రావాలో చెప్పేది ఒక్కరే అవ్వాలి, ఆ ఒక్కరు రోగి భార్యో తల్లో కాకూడదు. ఆపరేషన్ రోజున వదిన ఫోన్‌కి ఎన్ని కాల్స్ వచ్చాయో లెక్కలేదు, ప్రతి ఒక్కరికీ ఆవిడ మళ్ళీ మొదటి నుంచి చెప్పడం, చెప్పిన ప్రతిసారీ ఏడవడం. అందరూ ప్రేమతోనే చేశారు, అయినా అది హింసే.

ఈ పనికి ఊళ్ళో ఉండేవాడు, నోరు జారనివాడు, డబ్బు దగ్గర మచ్చ లేనివాడు కావాలి. అన్నీ ఒకరిలో లేకపోతే ఇద్దర్ని పెట్టుకోండి, ఒకరు కబుర్లకి, ఒకరు లెక్కలకి. మాకు లెక్కలు చూసింది ఒక బ్యాంకు ఉద్యోగి, కబుర్లు నేను. మూడోవాడు వద్దు. ముగ్గురైతే ఎవరికి వారు ఇంకొకరు చూసుకుంటున్నారు కదా అనుకుంటారు.

ఏం చెప్పాలో ఇంటివాళ్ళని అడిగాకే గ్రూపు పెట్టండి

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. రిపోర్టు వచ్చిన సాయంత్రమే వాట్సాప్ గ్రూపు పెట్టి, నూట నలభై మందిని చేర్చి, స్కానింగ్ ఫోటోతో సహా వేసేశాను. అరగంటలో అది సరిహద్దు అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నం చేరింది, అక్కడున్న వదినావాళ్ళ నాన్నగారికి అల్లుడి జబ్బు సంగతి ఎవడో ఫార్వర్డ్ చేసిన మెసేజీలో తెలిసింది. ఆయన గుండె జబ్బు మనిషి. ఆ రాత్రి నేను వెళ్ళి క్షమించమన్నాను గానీ ఇప్పటికీ ఆయన ముందు నిలబడలేను.

కాబట్టి ముందు ఇంటికెళ్ళి కూర్చుని అడగండి: జబ్బు పేరు చెప్పొచ్చా? పిల్లలకి తెలుసా, ఎంతవరకు తెలుసు? ఇరువైపుల పెద్దవాళ్ళకి ఎవరు చెప్తారు? డబ్బు అడగొచ్చా, అడిగితే ఎవరిని అడగకూడదు? రోగికి స్పృహ, మాట బాగుంటే ఈ ప్రశ్నలు ముందు అతన్నే అడగాలి. మనవాళ్ళు రోగిని గదిలో పడుకోబెట్టి వరండాలో అన్నీ తేల్చేస్తారు, మావాడు దానికి బాగా నొచ్చుకున్నాడు.

గ్రూపు రెండు రకాలుగా పెట్టండి. పనిచేసేవాళ్ళది ఒకటి, పది పన్నెండు మంది. మిగతా అందరికీ అడ్మిన్ మాత్రమే రాయగలిగేది ఇంకొకటి, లేకపోతే గుడ్ మార్నింగ్ పువ్వులు, గోమూత్రం వీడియోలు, దండం పెట్టే బొమ్మల మధ్య అసలు కబురు కొట్టుకుపోతుంది. వారానికి ఒక్క మెసేజీ చాలు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఆ గౌరవానికైనా వాడుక భాషలో రాయండి, 'దురదృష్టవశాత్తు మహమ్మారి బారిన పడిన' లాంటివి వద్దు. 'ఆపరేషన్ అయింది. మాట వచ్చింది. కుడి చెయ్యి ఇంకా బలహీనంగా ఉంది. ఈ వారం చూడ్డానికి రావద్దు. బుధవారం విశాఖ వెళ్ళడానికి ఒక మనిషి తోడు కావాలి.' అంతే.

జబ్బు గురించి సరిపడా తెలుసుకోండి, ఎక్కువ వద్దు

మెదడులో గడ్డ అంటే అన్నీ ఒకటి కావు. క్యాన్సర్ కానివి ఉంటాయి, వేరే చోట పుట్టి మెదడుకి పాకినవి ఉంటాయి, మెదడులోనే పుట్టినవి ఉంటాయి. స్కాన్ చూసి అంచనా వేస్తారు గానీ, ఆపరేషన్లో తీసిన ముక్కని పరీక్ష చేసిన బయాప్సీ రిపోర్టు వచ్చాకే పేరు, గ్రేడు తేలుతాయి. ఆ రిపోర్టు రాకముందు 'ఎన్నాళ్ళుంటాడట?' అని అడిగేవాళ్ళని గేటు దగ్గరే ఆపండి.

మావాడిది గ్లయోబ్లాస్టోమా, గ్రేడ్ 4. పెద్దవాళ్ళలో మెదడులోనే పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది, మొండిది కూడా ఇదే. దీనికి మామూలుగా సాగే దారి తెలిస్తే సాయం ఎప్పుడు కావాలో తెలుస్తుంది, అందుకే చెప్తున్నా. ముందు ఆపరేషన్, ప్రమాదం లేనంతవరకు గడ్డ తీస్తారు. కోలుకున్నాక రేడియేషన్, ఒళ్ళు తట్టుకోగలిగినవాళ్ళకి సాధారణంగా 30 విడతలు, అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆరు వారాలు. ఆ రోజుల్లోనే టెమోజోలమైడ్ అనే క్యాప్స్యూల్ రోజూ. తరవాత కొన్ని వారాలు విరామం, ఆపైన 28 రోజులకోసారి ఐదు రోజుల చొప్పున అదే మందు, నెలల తరబడి. పెద్ద వయసువాళ్ళకి, నీరసంగా ఉన్నవాళ్ళకి రేడియేషన్ విడతలు తగ్గిస్తారు.

లెక్క వేసుకోండి. హడావిడంతా ఆపరేషన్ వారంలో ఉంటుంది. మనుషులు కావాల్సింది మాత్రం ఆ తరవాతి ఆరు వారాల్లో, ఇంకా తరవాతి ఆరు నెలల్లో.

రేడియేషన్ తీసుకున్న మనిషిని పిల్లలు ముట్టుకోకూడదని ఒక పెద్దావిడ చెప్పింది, అది తప్పు. బయటి నుంచి యంత్రంతో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగిలిపోదు. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు.

ఫైలు: నా షాపు పని, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను

ఒక గట్టి బాక్స్ ఫైలు కొనండి. అన్నిటికన్నా పైన ఒకే ఒక్క కాగితం: పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, జబ్బు, ఆపరేషన్ తేదీ, ఇప్పుడు వాడుతున్న మందులు మోతాదుతో సహా, పడని మందులు, అవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో. అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తినప్పుడు ఆ కాగితం చాలు. దాన్ని నెలకోసారి కొత్తగా రాయండి. కింద డిశ్చార్జి కాగితాలు, స్కాన్ రిపోర్టులు, రక్తపరీక్షలు తేదీ వరసలో. స్కాన్‌కి ఫిల్మ్ ఒక్కటే చాలదు, సీడీ కూడా అడిగి తీసుకోండి, వేరే ఆసుపత్రి డాక్టరు దాన్నే అడుగుతాడు. బయాప్సీ చేసిన చోట గాజు స్లైడ్లు, మైనపు బ్లాకులు ఉంటాయి, రెండో అభిప్రాయం కోసం వెళ్తే అవి కావాలి, రాసిచ్చి అడిగితే ఇస్తారు. మేం ఇది తెలియక ఒకసారి ఊరికే వెళ్ళొచ్చాం.

సరిహద్దులో ఉన్నవాళ్ళకి ఇంకో తలనొప్పి ఉంది. మన ఇంటిపేరు ఆధార్‌లో ముందుంటుంది, ఒడియాలో ఉన్న రేషన్ కార్డులో చివరికెళ్తుంది, స్కూలు సర్టిఫికెట్లో పొడి అక్షరమైపోతుంది. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు. ఆసుపత్రిలో పేరు రాయించే మొదటి రోజే ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించండి. తరవాత దిద్దించాలంటే కాళ్ళరుగుతాయి. ఒడియా కాగితాల మీద ఏముందో ఇంగ్లీషులో ఒక చీటీ రాసి పిన్ను కొట్టండి, విశాఖలో కౌంటర్ దగ్గర అమ్మాయికి ఒడియా రాదు, అందులో ఆమె తప్పేం లేదు.

ఎక్కడ చూపించాలి, కార్డు ఎక్కడ చెల్లుతుంది

సలహాలు ఇచ్చేవాళ్ళు అందరూ, నిర్ణయం మాత్రం ఇంటివాళ్ళది. మన పని వాళ్ళకి దారులు చెప్పడమే. మా వైపు నుంచి చూస్తే బరంపురంలో మా రాజుగారు కృష్ణచంద్ర గజపతి పేరుతోనే ఉన్న ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ, కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ, భువనేశ్వర్‌లో ఎయిమ్స్ ఉన్నాయి. ఇటు విశాఖలో కేజీహెచ్, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళు నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి. భాష, బంధువులు విశాఖ వైపు లాగుతారు, ఒడిశా ఆరోగ్య పథకం కార్డు భువనేశ్వర్ వైపు లాగుతుంది. ఈ లాగుడు ఎవరింట్లో వారు తేల్చుకోవాల్సిందే.

కార్డు సంగతి మాత్రం ఇల్లు కదలకముందే తేల్చండి. ఒడిశాలో 2025 నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి, అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్ళకి అదనంగా ఇంకో 5 లక్షలు. ఆయుష్మాన్ కార్డు వేరే రాష్ట్రంలో కూడా చెల్లుతుంది, కానీ ఆ ఆసుపత్రి ఆ పథకంలో ఉండాలి, ఆ చికిత్స ఆ ఆసుపత్రికి అనుమతి ఉన్నదై ఉండాలి. ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కి ఫోన్ చేసి అడగండి, ఆసుపత్రిలో పథకం డెస్కు వాళ్ళతో కూడా మాట్లాడండి. ఆపరేషన్‌కి ముందే అనుమతి రావాలి. ముందు మన డబ్బు కట్టేసి తరవాత కార్డు మీద వెనక్కి తీసుకుందాం అనుకుంటే కుదరదు.

'పాతపట్నంలో మా అత్తావాళ్ళ అడ్రసు మీద బియ్యం కార్డు పెట్టించేద్దాం, ఎన్టీఆర్ వైద్యసేవ వచ్చేస్తుంది' అని సలహా ఇచ్చేవాడు ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. వద్దు. రెండు రాష్ట్రాల్లో రెండు కార్డులంటే చికిత్స మధ్యలో రెండూ పోయే ప్రమాదం తెచ్చుకోవడమే.

పథకం కింద రానివాళ్ళకి ప్రధానమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది, ఎంపీ ఆఫీసులో దాని గురించి తెలిసినవాళ్ళుంటారు. ఉద్యోగి అయితే పీఎఫ్ నుంచి వైద్యం కోసం తీసుకోవచ్చు. జీతంలో ఈఎస్ఐ కట్ అవుతుంటే క్యాన్సర్‌కి ఎక్కువ కాలం జీతంలో కొంత భాగం ఇచ్చే ఏర్పాటు ఉంది. మావాడు రైస్ మిల్లులో గుమాస్తా, అతనికి ఈఎస్ఐ ఉందని అతనికే గుర్తులేదు. పాత జీతం చీటీలు తీసి చూడండి.

డబ్బు: పాట లేని చీటీ వెయ్యండి

కార్డు ఆసుపత్రి బిల్లు కడుతుంది. గది అద్దె కట్టదు, ఆటోకి ఇవ్వదు, ఆగిపోయిన జీతం తేదు, తోడుగా వెళ్ళిన మనిషి తిండి ఖర్చు అసలే లెక్కలో ఉండదు. కుటుంబాలు చితికిపోయేది చాలావరకు ఇక్కడే.

మొదటి నెల మేం ఒక్కసారి అడిగి పోగుచేశాం, బాగానే వచ్చింది, రెండో నెలకి అయిపోయింది. అప్పుడు మా బ్యాంకు మిత్రుడు చెప్పాడు, మనకి చీటీలు కొత్తా ఏంటి, పాట లేని చీటీ వేద్దాం, ప్రతి నెలా ఆవిడకే వెళ్తుంది అని. ముప్పై మంది, తలా 500, నెలకి 15 వేలు. ప్రతి నెలా 5వ తారీఖు. ఒక్కసారి 5 వేలు ఇమ్మంటే నసిగినవాళ్ళు నెలకి 500 అంటే మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు, మాలో ఒక టీ కొట్టు అతను ఒక్క నెల కూడా ఆలస్యం చెయ్యలేదు. పేరు పెద్దగా ఉన్న ఇద్దరు ముగ్గురు రెండో నెలకే జారుకున్నారు, వాళ్ళ గురించి ఇక్కడెందుకు.

డబ్బు ఎవరి ఖాతాలో పడాలి? వదిన సొంత ఖాతాలో, ఆవిడ ఫోన్‌లో ఉన్న యూపీఐకి. మన ఖాతాలో వేయించుకుంటే రేపు మాట వస్తుంది, పన్ను లెక్క కూడా మన మెడకి చుట్టుకుంటుంది. పన్ను అంటే గుర్తొచ్చింది, బంధువులు కానివాళ్ళ నుంచి వచ్చిన మొత్తం ఒక ఆర్థిక సంవత్సరంలో 50 వేలు దాటితే అది ఆదాయం కింద చూస్తారు. పెద్ద మొత్తం పోగవుతుంటే ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడండి. ఒకే మనిషి నుంచి 2 లక్షలు గానీ ఆపైన గానీ నగదుగా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు, అది కూడా గుర్తుంచుకోండి.

క్యూఆర్ కోడ్ ఫోటో ఊరంతా తిరిగితే మధ్యలో ఎవడో కోడ్ మార్చేసి అదే బొమ్మతో తన జేబు నింపుకోవచ్చు. పంపేముందు తెర మీద వచ్చే పేరు చూసుకోమని మెసేజీలోనే రాయండి. ఆధార్ నంబరు, ఆసుపత్రి కాగితాలు అందరికీ పంపకండి, చూస్తానన్నవాళ్ళకి షాపుకి వస్తే చూపిస్తామని చెప్పండి. నా దగ్గరికి అలా వచ్చింది ఇద్దరే. నెలాఖరున లెక్క రాసిన నోటుబుక్కు పేజీ ఫోటో తీసి చీటీ సభ్యులకి పంపండి, ఏ ఖర్చుకి ఎంత అని. ఆవిడ చీర కొనుక్కుందా అని అడిగే హక్కు మాత్రం ఎవరికీ లేదని మొదటే చెప్పెయ్యాలి.

ఆరు వారాల గది, ప్రయాణాలు

రేడియేషన్ ఒక్కోరోజు కొద్ది నిమిషాల పనే, కానీ ఐదు రోజులూ ఉండాలి. పర్లాకిమిడి నుంచి రోజూ తిరిగే దూరం కాదు. ఆసుపత్రికి దగ్గర్లో వంట చేసుకునే వీలున్న గది చూడండి, మేడ మీద వద్దు, కుడి కాలు బలహీనంగా ఉన్న మనిషికి మెట్లు ప్రమాదం. ఒక ఇండక్షన్ స్టవ్, చిన్న కుక్కరు, బాత్రూంలో పట్టుకోడానికి గట్టి ఆసరా. మేం ముగ్గురం వంతులేసుకున్నాం, ఒక్కొక్కరం రెండు వారాలు. తోడుండేవాడు మారేటప్పుడు ఒకరోజు ఇద్దరూ కలిసుండాలి, లేకపోతే మందుల సంగతి తప్పిపోతుంది.

రైల్లో క్యాన్సర్ రోగికి చికిత్స కోసం వెళ్ళేటప్పుడు రాయితీ ఉంది. స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి పూర్తి రాయితీ, తోడు వెళ్ళే ఒకరికి 75 శాతం. ఆసుపత్రిలో డాక్టరు సంతకం పెట్టిన నిర్ణీత ఫారం పట్టుకుని స్టేషన్ రిజర్వేషన్ కౌంటర్‌కి వెళ్ళాలి. గుణుపూర్ లైన్లో మా బండ్లు తక్కువ, అందుకని పలాస నుంచి ఎక్కే ఆలోచన కూడా పెట్టుకోండి.

తిండి సంగతి: టెమోజోలమైడ్ ఖాళీ కడుపుతో వేస్తారు, క్యాప్స్యూల్ విప్పి అన్నంలో కలపడం, నమలడం చెయ్యకూడదు. వాంతుల మందు ముందే వేస్తారు. రక్తంలో కౌంట్స్, అంటే రక్తకణాల సంఖ్య, పడిపోయినప్పుడు నిల్వ తిండి, పచ్చి తిండి వద్దంటారు. మావాడికి ఎండాకాలం పఖాళ (నీళ్ళలో నానబెట్టిన చద్దన్నం) లేకపోతే ముద్ద దిగదు, అది ఆపడానికి మేం పడ్డ పాట్లు రేడియేషన్‌కి కూడా పడలేదు. ప్లేట్‌లెట్స్ పడిపోతే రక్తదాతలు కావాలి, కాబట్టి విశాఖలో ఉన్న మన ఊరి కుర్రాళ్ళ పేర్లు, బ్లడ్ గ్రూపులు ముందే రాసిపెట్టుకోండి.

ఇంట్లో ఆగిపోయిన పనులేంటో చూడండి

'ఏం కావాలన్నా అడుగు వదినా' అనడం తేలిక. ఎవరూ అడగరు. ఈ మాట పూర్తిగా మానేసి, 'శనివారం పొద్దున్న నేను బండి మీద వచ్చి గ్యాసు తెచ్చి పెడతాను' అనండి.

అంతకంటే ముఖ్యం, రోగి ఆ ఇంట్లో చేసే కనపడని పని ఏంటో పట్టుకోవడం. వదిన పుట్టిల్లు పాతపట్నం వైపు, ఒడియా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. పిల్లలిద్దరూ ఒడియా మీడియం. హోంవర్క్, స్కూలు నోటీసులు, రేషన్ కాగితాలు, కరెంటు ఆఫీసు, అన్నీ మావాడే చూసేవాడు. వాడు చదవలేని స్థితికి వచ్చిన నెలకి గానీ మాకు తెలియలేదు, చిన్నదాని పుస్తకంలో వరసగా ఎర్ర గీతలు. వదిన ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి ఆదివారం పొద్దున్న రెండు గంటలు నేను, మంగళవారం మా పక్క షాపు ఒడియా అతను. బత్తాయిల కన్నా ఆ ఇంటికి కావాల్సింది ఇదే.

ఫిట్స్ వస్తే

మెదడులో గడ్డ ఉన్నవాళ్ళలో చాలామందికి ఫిట్స్ వస్తాయి. ఆ ఇంటికి వెళ్ళే ప్రతి ఒక్కరికీ ఇది నేర్పాలి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, చుట్టూ ఉన్న వస్తువులు తియ్యండి, మెడ దగ్గర బొత్తాలు విప్పండి, గడియారం చూడండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, ఉల్లిపాయ వాసన వద్దు, నోట్లో చెంచా గానీ నీళ్ళు గానీ అస్సలు వద్దు, కాళ్ళూ చేతులూ గట్టిగా అదిమి పట్టుకోవద్దు. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకోటి వచ్చినా వెంటనే 108. ఫిట్స్ మందు ఒక్క పూట కూడా తప్పకూడదు, మందుల షాపు అతనికి వారం ముందే చెప్పి తెప్పించుకోండి. డాక్టరు ఒప్పుకునేదాకా బండి తాళం మనిషికి దొరక్కుండా పెట్టండి, దీని మీద గొడవవుతుంది, కానివ్వండి.

మనిషి మారతాడు

గడ్డ ఉన్న చోటుని బట్టి కోపం, మతిమరుపు, మొండితనం, మాట తడబాటు రావచ్చు. వాపు తగ్గించడానికి ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కూడా నిద్ర పోగొడుతుంది, ఆకలి పెంచుతుంది, చిరాకు తెస్తుంది, షుగర్ పెంచుతుంది. దాన్ని మనంతట మనం ఆపేస్తే ప్రమాదం. జీవితంలో ఎవర్నీ 'ఒరే' అనని మావాడు ఒకరోజు నన్ను బూతులు తిట్టాడు, నేను బయటికొచ్చి వరండాలో కూర్చున్నాను, పది నిమిషాలకి 'టీ తాగావా' అని వాడే పిలిచాడు. వాడిలో ముందు ఒడియా తడబడింది, తెలుగు నిలబడింది. ఇంకొకరికి వేరేలా ఉండొచ్చు. మాటకి వెతుక్కుంటుంటే మనం అందించెయ్యకూడదు, ఆగాలి. అవును, కాదు అని చెప్పే ప్రశ్నలు అడగండి. ఒకసారికి ఇద్దరు మనుషులే, అరగంటే, టీవీ కట్టేసి.

చూడ్డానికి వచ్చి 'ఏటి బావూ, ఇలాగైపోనావేటి' అని మంచం దగ్గర ఏడ్చేవాళ్ళని మళ్ళీ రానివ్వకండి. క్రికెట్ గురించి, మిల్లులో ధాన్యం రేటు గురించి మాట్లాడేవాళ్ళని పిలవండి. రథయాత్రకి మావాణ్ణి జనంలోకి తీసుకెళ్ళలేదు, వీధిలో ఒకరి అరుగు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాం, ఆరోజు బాగా నవ్వాడు.

మొక్కులు, పూజలు అంటే అడ్డు చెప్పకండి, వాళ్ళకి బలం అక్కడి నుంచి వస్తే రానివ్వండి. గుణియా (నాటు వైద్యుడు) ఇచ్చిన పసరు కడుపులోకి వెళ్తుంటే మాత్రం డాక్టరుకి చెప్పాల్సిందే, చెప్పకుండా పోసినవాళ్ళ మీద నేను గట్టిగానే అరిచాను.

సంతకం పెట్టగలిగినప్పుడే పెట్టించాల్సినవి

ఎవరూ ఎత్తని విషయం ఇది. మేం కూడా ఆలస్యం చేశాం. మనిషికి తెలివి, చెయ్యి బాగున్నప్పుడే బ్యాంకు ఖాతాని జాయింటుగా మార్చడం, ప్రతి ఖాతాకీ పాలసీకీ పీఎఫ్‌కీ నామినీ పేరు సరిచూసుకోవడం, ఫోన్ లాకు, ఏటీఎం పిన్ను, ఎవరికి ఎంత ఇవ్వాలో ఎంత రావాలో ఒక కాగితం మీద రాసుకోవడం అయిపోవాలి. పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు, రాసిన మనిషి మతి స్థిమితం పోతే మామూలుగా అది కూడా చెల్లదు. వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు కావాలి, రాసేటప్పుడు తెలివిగా ఉన్నాడని డాక్టరు చీటీ ఉంటే తరవాత గొడవ తక్కువ. ఎల్ఐసీ ప్రీమియం తేదీలు లెక్కలు చూసే మిత్రుడి ఫోన్‌లో పెట్టించండి, ఈ గందరగోళంలో పాలసీ ల్యాప్స్ అవ్వడం కన్నా దారుణం లేదు.

ఈ మాట స్నేహితులు ఎత్తితే బాగోదు. మావాడి పెద్దనాన్నగారితో చెప్పించాం. 'జబ్బు ఉన్నా లేకపోయినా ఇంటి యజమాని చెయ్యాల్సిన పనే నాన్నా' అన్నారాయన. మావాడు తేలికపడ్డాడు. అడగడానికి మేమే భయపడ్డాం, వాడు ఎదురుచూస్తున్నాడట.

ఆవిడకి ఒక పూట

వారానికి ఒక పూట ఆవిడ ఇంట్లోంచి బయటికి వెళ్ళాలి, గుడికో, అమ్మగారింటికో, ఊరికే పడుకోడానికో. ఆ పూట మంచం దగ్గర మగాళ్ళు ఉండాలి, ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం నేర్చుకుని ఉండాలి. మన మగాళ్ళు డబ్బిస్తారు, కారిస్తారు, ఈ పని దగ్గర మాయమవుతారు. నిద్ర పట్టట్లేదు, బతకాలని లేదు లాంటి మాట ఆవిడ నోట వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. 14416, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

చికిత్స ఇక పనిచెయ్యదన్నాక

డాక్టరు 'ఇంటికి తీసుకెళ్ళండి' అంటే చెయ్యాల్సిందేమీ లేదని కాదు. నొప్పి, వాంతులు, పుండ్లు పడకుండా చూడడం, ఫిట్స్ ఆపడం, వీటికి పాలియేటివ్ కేర్ అని వేరే విభాగం ఉంటుంది, పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఉంటుంది. దాని కోసం ఆఖరిదాకా ఆగక్కర్లేదు, మొదటి నుంచీ పేరు రాయించుకోవచ్చు. అప్పుడు కొత్త ఆసుపత్రి పేర్లు పట్టుకొచ్చి ఇల్లు తాకట్టు పెట్టమనేవాళ్ళు బయలుదేరతారు. కబుర్లు చూసేవాడి అసలు పని అప్పుడే. వదిన ఒక్కసారే చెప్పింది, ఇంక తిప్పను అని. ఆ మాట బంధువులందరికీ నేను చెప్పాను, తిట్లు నేను తిన్నాను.

మావాడు ఇంట్లోనే పోయాడు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, ఇంట్లో అయితే ఆ పని ఇంటివాళ్ళదే, అంటే మనదే. సర్టిఫికెట్ కాపీలు ఎక్కువ తీసుకోండి, ఎల్ఐసీ, బ్యాంకు, పీఎఫ్, స్కూలు, రేషన్ కార్డు, ప్రతిచోటా అడుగుతారు. అక్కడా ఆ పేరు అక్షరాలు చూసుకోండి.

చీటీ పన్నెండో రోజుతో ఆపలేదు. ఇంకో ఏడాది అనుకున్నాం, మిల్లువాళ్ళు వదినకి పని ఇచ్చాక ఆవిడే చాలు అంది. ఆదివారం ఒడియా పాఠాలు మాత్రం నడుస్తున్నాయి. పోయిన వారం నేను పలికిన మాటొకటి తప్పని చిన్నది దిద్దింది, వాళ్ళమ్మ కూడా పక్కన పలక పట్టుకుని కూర్చుంది.